గోన గన్నారెడ్డి: కథ యెంత? చరిత్ర యెంత?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో గ్రంథాలయోద్యమమును గూర్చి మాటాడుట ఆచారము. 1914లో బెజవాడలో జరిగిన మహాసభను, అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషిని, 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనమును నాకు ముందు మాటాడిన పెద్దలు స్మరించియే యున్నారు. కావున నేను ఒక్క పుస్తకమును గూర్చి మాత్రమే మాటాడ దలచితిని. అది మన బీరువాలో మిక్కిలి నలిగిన పుస్తకములలో నొకటి. అడివి బాపిరాజుగారి “గోన గన్నారెడ్డి”.

ఈ పుస్తకమునే యెన్నుకొనుటకు ఒక కారణము కలదు. 2015లో “రుద్రమదేవి” చలనచిత్రము వచ్చిన పిమ్మట పిల్లలు పలువురు మన గ్రంథాలయమునకు వచ్చి “గన్నారెడ్డి పుస్తకమున్నదా?” అని అడుగజొచ్చిరి. అప్పటికి మన ప్రతికి చివరి పుటలు కొన్ని ఊడిపోయి యుండెను. చదివినవారికి కథ యెట్లు ముగిసినదో తెలియదు. ఒకరు గన్నారెడ్డి యుద్ధములో మరణించెననిరి. ఒకరు సన్న్యాసియై పోయెననిరి. వేరొకరు చిత్రమును చూచి వచ్చి, అందున్నదే పుస్తకమందును ఉండుననిరి. ఇట్లు ఒక కథకు మూడు ముగింపులు పుట్టినవి. తుదకు మన చందాదారులలో నొకరు మఱొక ఊరి గ్రంథాలయమునుండి ప్రతిని తెప్పించి, పోయిన పుటలను స్వహస్తముతో ఎత్తి వ్రాసి, కుట్టించి యిచ్చినారు. పేరు చెప్పవలదని వారు కోరినారు గనుక చెప్పుట లేదు. ఆ ప్రతియే ఇప్పుడు నా చేత నున్నది.

ఆ ప్రతిని తిరిగి చదివిన ఒక బాలుడు నన్ను ఒక ప్రశ్న వేసినాడు: “అయ్యా, ఇదంతయు నిజమేనా?” ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేక పోయితిని. నేటి నా ప్రసంగము ఆ బాలునికి నేను బాకీపడిన సమాధానము.

మొదట గ్రంథకర్తను గూర్చి రెండు మాటలు. అడివి బాపిరాజుగారు 1895లో జన్మించి 1952లో కీర్తిశేషులైరి. వారు కవి, చిత్రకారుడు, కథకుడు. రాజమహేంద్రవరమున కూల్డ్రే దొరగారి శిష్యరికమును, బందరులో ప్రమోదకుమార ఛటోపాధ్యాయులవారి శిష్యరికమును చేసినవారు. బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. హైదరాబాదులో “మీజాను” పత్రికకు సంపాదకులుగా పనిచేసిరి. వారి “నారాయణరావు” నవల విశ్వనాథ సత్యనారాయణగారి “వేయిపడగలు”తో గూడ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచుకొన్నది. చిత్రకారుడు వ్రాసిన నవలలు గనుక వారి పుస్తకములయందు చీర అంచు, నగ నాణ్యము, కోట గుమ్మము, గుఱ్ఱపు జీను మొదలగునవి కంటికి కట్టినట్లుండును.

తెలుగున చారిత్రక నవల బాపిరాజుగారితో మొదలు కాలేదు. చిలకమర్తివారి “హేమలత” 1896 నాటిది. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర గ్రంథములతోపాటు చారిత్రక నవలలను గూడ ప్రకటించి ప్రజలకు దేశచరిత్రపై రుచి పుట్టించినది. కేతవరపు వేంకటశాస్త్రిగారి “రాయచూరు యుద్ధము” ఆనాటిదే. తరువాతి రచయితలు ఒక్క నవలతో తృప్తి చెందక, వరుసగా అల్లుట మొదలిడిరి. విశ్వనాథవారు “పురాణవైర గ్రంథమాల” అను పేర పండ్రెండు నవలలు వ్రాసిరి. నోరి నరసింహశాస్త్రిగారు “నారాయణభట్టు”, “రుద్రమదేవి”, “మల్లారెడ్డి”, “కవిసార్వభౌముడు” మొదలగు నవలలలో ఒక్కొక్క కవియుగమును చిత్రించిరి.

బాపిరాజుగారి వరుస రాజవంశముల వరుస. “హిమబిందు” శాతవాహనుల కాలము. “అడవి శాంతిశ్రీ” ఇక్ష్వాకులు, విజయపురి. “అంశుమతి” వేంగీసీమ, చాళుక్యులు. “గోన గన్నారెడ్డి” కాకతీయులు, ఓరుగల్లు. ఏ నవలకానవల విడి కథయే. ఒకటి చదువకున్నను మఱొకటి బోధపడును. అయినను నాలుగింటిని కాలక్రమమున చదివినచో తెలుగువారి వెయ్యేండ్ల చరిత్రలో నాలుగు మజిలీలు చేసినట్లుండును. ప్రతి నవలయందును ప్రేమకథ యొకటి, దాని చుట్టును ఒక రహస్యము ఉండును. “హిమబిందు”లో విషకన్య కథ యున్నది. “గోన గన్నారెడ్డి”లో రహస్యము ఒకటి కాదు, రెండు.

మొదటి రహస్యము రుద్రమదేవిది. గణపతిదేవ చక్రవర్తికి పుత్రసంతానము లేదు. కుమార్తెను కుమారునివలె, రుద్రదేవుడను పేర పెంచినారు. ఆమె స్త్రీయన్న సంగతి ఎవరెవరికి తెలియును? తెలియని సామంతులు తెలిసిననాడు ఏమి చేయుదురు? ఆమె తన హృదయమును ఎంతకాలము కవచముక్రింద దాచుకొనగలదు? కథలోని ఉత్కంఠ సగము ఇక్కడ నున్నది.

రెండవ రహస్యము గన్నారెడ్డిది. కథ ఆదవోని కోటలో ఒక పెండ్లితో నెత్తుకొనును. ప్రభువు కుమార్తె అన్నాంబికకు ఇష్టములేని సంబంధము. పెండ్లి సన్నాహము జరుగుచుండగా గజదొంగ గోన గన్నారెడ్డి వచ్చి పెండ్లికొడుకును ఎత్తుకొనిపోవును! దొంగలు నగలు తీసికొనిపోవుట విన్నాము, ధనము దోచుట విన్నాము, పెండ్లికొడుకును దోచుకొనిపోయిన దొంగ ఎవడు? వాడెందుల కట్లు చేసెను? వాడు రాజ్యమునకు శత్రువా, మిత్రుడా? ఈ ప్రశ్నను పట్టుకొనియే పాఠకుడు నాలుగువందల పుటలు పోయినను అలసట యెఱుగడు. సమాధానమును నేనిక్కడ చెప్పను. మన చందాదారుడు అంత శ్రమపడి చివరి పుటలను ఎత్తి వ్రాసినది నేను సభలో చెప్పివేయుటకు కాదు.

ఇక “ఇదంతయు నిజమేనా?” అన్న ప్రశ్నకు వత్తును.

రుద్రమదేవి నిజము. 1262 ప్రాంతమునుండి ఓరుగల్లు సింహాసనమున నున్న రాణి ఆమె. శాసనములలో ఆమెను రుద్రదేవ మహారాజని పురుషనామముతో పేర్కొనుటయు నిజమే. నిడదవోలు చాళుక్య వీరభద్రుని ఆమె వివాహమాడుటయు నిజమే. అయితే శాసనములయందు మగపేరు వాడుట వేఱు, లోకమెల్ల ఆమెను మగవాడనుకొనుట వేఱు. మొదటిది చరిత్ర, రెండవది నవలాకారుని అల్లిక. ఒక స్త్రీ సింహాసనమెక్కుటకు మగపేరు పెట్టుకొనవలసి వచ్చినదన్న ఒక్క సత్యమునుండి బాపిరాజుగారు నవలంతటిని పెంచుకొనినారు. గింజ నిజము, చెట్టు కల్పన.

మఱి గన్నారెడ్డి? ఆయనయు నిజమే. కర్ణాటక దేశమున రాయచూరు కోటగోడలో నలుబదియొక్క అడుగులకు మించిన పొడవుగల రాయి యొకటి కలదు. దానిపై 1294 నాటి శాసనమున్నది. కాకతీయుల సేనాపతియైన గోన గన్నయరెడ్డి పేరును, ఆయన పక్షమున విఠలనాథుడు ఆ కోటను కట్టించిన సంగతియు అందు చెక్కియున్నవి. అంతేకాదు, ఆ మహాశిలను బండిపై నెక్కించి పశువులచేత లాగించిన విధమును గూడ గోడపై బొమ్మగా గీసినారు. మన తీరమున పెద్దపడవను ఒడ్డునకు లాగుటకే ఎందఱు చేతులు వేయవలెనో మీకు తెలియును. నలుబదియడుగుల రాతిని గోడకెత్తినవారి శ్రమను మనము ఊహింపగలము.

ఆ శాసనమున సేనాపతి ఉన్నాడు, కోట ఉన్నది. గజదొంగ మాత్రము లేడు. పెండ్లికొడుకును ఎత్తుకొనిపోయిన కథయు లేదు. అవి బాపిరాజుగారివి. గోనవంశము నిజము. ద్విపదలో రంగనాథ రామాయణమును చెప్పిన గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడే. ఆ వంశపు వీరుడొకడు రాయచూరుదాక పోయి గోడ కట్టించిన సంగతి మనకు రాయి చెప్పినది. ఆయన యౌవనమెట్లు గడచినదో రాయి చెప్పలేదు. ఆ చెప్పని చోటులోనే నవలాకారుడు అడుగుపెట్టినాడు.

ఇందులో తప్పేమియు లేదు. చరిత్ర మనకు చిరిగిన పుస్తకముగానే దొరకును. ఒకచోట పదిపుటలు, వేఱొకచోట రెండు పుటలు, నడుమ ఏమియు నుండదు. నడుమ పుటలను నవలాకారుడు తన ఊహతో పూరించును. ఆ పూరించినదానిని మనము కథగా చదివినంతకాలము మేలే. చరిత్రగా నమ్మి వాదములాడినచో మాత్రము కీడు. మన ప్రతికి చివరి పుటలు లేనప్పుడు మూడు ముగింపులు పుట్టినవని మొదట చెప్పితిని గదా. మువ్వురును అబద్ధమాడవలెనని ఆడలేదు. ఖాళీని చూచి ఊరకుండలేక చెప్పినారు. దేశచరిత్రకు గూడ ఇట్టి ముగింపులు పుట్టుచునే యుండును.

ఒక ఉదాహరణము చెప్పెదను. బాపిరాజుగారి కాలమున రుద్రమదేవి చివరి దినములను గూర్చి పండితుల అభిప్రాయము వేఱుగా నుండెను. ఆమె 1295 ప్రాంతము వరకు పాలించి, మనుమడైన ప్రతాపరుద్రునికి రాజ్యమప్పగించి ప్రశాంతముగా దాటిపోయినదని తలచుచుండిరి. తరువాత నల్లగొండ సీమలోని చందుపట్ల గ్రామమున ఒక చిన్న శాసనము బయల్పడినది. 1289 నవంబరు 27వ తేదీ నాటిది. పువ్వుల ముమ్మడి యను సేవకుడు, రుద్రమదేవికిని, సేనాని మల్లికార్జున నాయకునికిని శివలోకప్రాప్తి కలుగవలెనని సోమనాథ దేవునికి భూమిని దానమిచ్చినాడు. రాణియు సేనానియు ఒక్కసారే పోయినారు. కావున యుద్ధములోనే పోయి యుండవలెనని పండితులు ఊహించిరి. ఆ కాలమున తిరుగబడినవాడు కాయస్థ అంబదేవుడు. 1290 నాటి త్రిపురాంతక శాసనములో అతడు తన విజయములను చాటుకొనినాడు. ఈ రెండు రాళ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఎనుబదియేండ్లకు దగ్గరపడిన వృద్ధరాణి తిరుగుబాటుదారుని యెదుర్కొనుచు రణరంగమున పడినదని చరిత్రకారులు తలచుచున్నారు. అయినను ఎట్లు పడినదో చందుపట్ల రాయి చెప్పలేదు. చెప్పనిదానిని చెప్పినట్లు మనము చెప్పరాదు.

చూడుడు, ఏ నవలాకారుడును ఊహింపని ముగింపును ఒక సేవకుని దానశాసనము మనకు చెప్పినది! ఆ పువ్వుల ముమ్మడి రాజు కాడు, మంత్రి కాడు. తన యజమానుని మరచిపోలేక రెండు మాటలు రాతిపై చెక్కించినాడు. ఏడువందల యేండ్ల తరువాత ఆ రెండు మాటలు పెద్ద పుస్తకములనే దిద్దించినవి. దీనిని మీరు బాగుగా జ్ఞాపకముంచుకొనుడు. మరల ఈ మాటకే వత్తును.

సముద్రతీరవాసులమైన మనకు కాకతీయ కథ పరాయి కథ కాదు. నెల్లూరి మనుమసిద్ధి రాజ్యము కోలుపోయినప్పుడు గణపతిదేవుని సాహాయ్యముననే తిరిగి పొందినాడు. తిక్కన సోమయాజి ఓరుగల్లునకు పోయి ఆ సాహాయ్యమును అర్థించెనని పెద్దలు చెప్పుదురు. మనకు ఉత్తరమున, ఈ కోస్తాలోనే, మోటుపల్లి రేవున్నది. అక్కడ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనమును సముద్రముపై బ్రతుకువారందఱు తెలిసికొనదగును. పూర్వపు రాజులు తుపానుకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును తమదిగా లాగికొనుచుండిరి. ప్రాణములకంటె ధనమును మిన్నగా నెంచి సముద్రమునకు పోవు వర్తకులకు ఇట్టి అన్యాయము కూడదని తలచి, ఆ ఆచారమును రద్దుచేసి, ముప్పదింట నొకవంతు సుంకము మాత్రము తీసికొందుమని ఆయన ప్రకటించినాడు. రుద్రమదేవి రాజ్యమును గూర్చి విని, మోటుపల్లి దేశపు రాణి న్యాయముగా పాలించినదని మెచ్చుకొనిన విదేశీయుడు మార్కోపోలో. ఆయన ఆమెను రాజు భార్యయని వ్రాసినాడు. నిజమునకు ఆమె రాజు కుమార్తె. విన్నది వ్రాసినవాడు మెచ్చదగినవాడే యైనను పొరపాటు పడవచ్చునని దీనివలన తెలియుచున్నది.

కావున ఆ బాలునికి నా సమాధానమిది: నాయనా, ఈ పుస్తకములో కొంత నిజము, కొంత కల్పన. రెండును మేలైనవే. మొదట కథగా చదువుము, ఆనందింపుము. తరువాత అందులోని పేర్లను ఒక కాగితముపై వ్రాసికొనుము. మన గ్రంథాలయములోనే చరిత్ర గ్రంథములున్నవి. ఏ పేరు రాతిపై నున్నదో, ఏ పేరు కవి హృదయములో పుట్టినదో వెదకుము. నవలలోని రహస్యమును గన్నారెడ్డి విప్పును. ఈ రెండవ రహస్యమును నీవే విప్పవలెను. దీనిలోని ఆనందము మొదటిదానికి తీసిపోదు.

ఇంతవరకు పుస్తకపు మాట. ఇక మన మాట.

మనము నివసించు ఈ శ్రీహరికోట సీమను గూర్చి లోకమునకు ఏమి తెలియును? 1969లో ఈ దీవి రాకెట్టు కేంద్రమునకు ఎంపికైనది. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి రాకెట్టు ఇచ్చటనుండి ఎగసినది. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3 ఇచ్చటినుండియే బయలుదేరినది. దేశమంతయు గర్వించిన దినములవి. మనమును మిద్దెలపైకెక్కి చూచి చప్పట్లు కొట్టితిమి. ఇదంతయు పుస్తకములలో నున్నది, ఇకముందును ఉండును.

కాని అంతకుముందటి పుటలేవి? ఒకవైపు పులికాటు సరస్సు, మఱొకవైపు సముద్రము, నడుమ సరుగుడు తోపులు. బకింగ్‌హాం కాలువపై పడవలలో చెన్నపట్టణమునకు పోయిన వంటచెఱకు. అడవిలో తేనెయు, దుంపలును, మూలికలును సేకరించి బ్రతికిన యానాదులు. దేశావసరమునకై లేచిపోయిన పల్లెలు. ఆ పల్లెలలో ఎన్ని గడపలుండెను? ఏ బావినీరు తియ్యన? ఏ అమ్మవారికి ఏ నెలలో కొలువు? యానాది తాత ఏ చెట్టు వేరును ఏ రోగమునకు ఇచ్చెడివాడు? చేపలవారు గాలిని చూచి తుపానును ఎట్లు పసిగట్టెడివారు? ఇవి యెరిగిన పెద్దలు ఈ సభలో కొందఱున్నారు. వారి తలలు నెరసినవి. వీరి తరువాత ఈ పుటలు మన బీరువాలోని ప్రతికివలె ఊడిపోవును. అప్పుడు మనుమలు అడుగుదురు. మనము లేము గనుక ఎవరికి తోచిన ముగింపును వారు చెప్పుకొందురు. ఒకనాడు ఎవరైన మంచి నవలాకారుడు ఈ దీవిపై కథ అల్లవచ్చును. అల్లనిండు, సంతోషమే. కాని అతనికి ఆధారముగా ఒక్క రాయియైన ఉండవద్దా?

మనము రాతిపై చెక్కనక్కఱలేదు. ఒక దళసరి నోటుపుస్తకము చాలును. ఈ రజతోత్సవ సందర్భమున నా ప్రార్థన ఇదియే. మన గ్రంథాలయములో ఒక పుస్తకమును తెరువుడు. ప్రతి ఆదివారము ఒక పెద్దను కూర్చుండబెట్టి, చదువుకొన్న పిల్లవాడు ఒకడు వారు చెప్పినదానిని చెప్పినట్లు వ్రాయవలెను. చెప్పినవారి వయస్సు, వారి పాత ఊరు, వ్రాసిన తేదీ తప్పక వేయవలెను. కన్నది వేఱుగా, విన్నది వేఱుగా వ్రాయవలెను. తెలియనిచోట ఖాళీ విడువవలెను గాని ఊహతో నింపరాదు. ఖాళీని నింపుట నవలాకారుని హక్కు, సాక్షి హక్కు కాదు. చదువురానివారని ఎవ్వరిని విడువరాదు. మొట్టమొదట యానాది పెద్దలనే పిలువవలెను. ఏలయన, ఈ దీవిని అందఱికంటె ముందు ఎరిగినవారు వారు. వారి మాటలే ఇంతవరకు ఎక్కువగా వ్రాతకెక్కనివి.

“ఇది గ్రంథాలయము పనియా?” అని ఎవరైన అడుగవచ్చును. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములను పల్లె పల్లెకు పంపినప్పుడును ఇట్టి ప్రశ్నయే పుట్టి యుండును. పుస్తకమును పాఠకునికడకు చేర్చుట గ్రంథాలయపు పనియే యైనచో, పాఠకుని నోట నున్న పుస్తకమును బీరువాకు చేర్చుటయు గ్రంథాలయపు పనియే.

ఒక సేవకుడు చెక్కించిన రెండు మాటలు ఒక మహారాణి కథకు చివరిపుటను తెచ్చి యిచ్చినవి. ఒక చందాదారుడు ఎత్తి వ్రాసిన కొన్ని పుటలు మన గన్నారెడ్డి కథను నిలిపినవి. మన ఊరి కథకు ఆ పనిచేయువారు కావలెను. మొదటి ఆదివారమునకు ఎవరు వత్తురో, ఎవరు వ్రాయుదురో ఈ సభ ముగియులోపల పేర్లిచ్చినచో, నోటుపుస్తకమును, కలములను నేను తెచ్చెదను.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక.